రాజీ కాగితం మీద సంతకం పెడితే దావా హక్కు పోతుందా?

మా బావగారు పనిచేసే చోట లిఫ్ట్ తెగిపడి చనిపోయారు. అక్క, ఇద్దరు పిల్లలు, వాళ్ల అత్తగారు అందరూ ఆయన సంపాదన మీదే బతికేవాళ్లు. యాజమాన్యం కొంత డబ్బిస్తాం, ఇక ఏ క్లెయిమూ లేదని రాసిన కాగితం మీద సంతకం పెట్టమంటోంది. వాళ్ల తొందర చూస్తేనే నాకు అనుమానం.

క్రిమినల్ కేసు వేరు, నష్టపరిహారం దావా వేరు అని తెలుసు. రుజువు స్థాయి వేరు కాబట్టి మొదటిది వీగిపోయినా రెండోది నిలబడొచ్చట. నా టెన్షన్ అంతా గడువు గురించే. క్రిమినల్ కేసు తేలేదాకా ఆగితే దావా కాలపరిమితి దాటిపోదా? అక్క సంతకం పెడితే పిల్లల వాటా, అత్తగారి వాటా కూడా పోయినట్టేనా? లిఫ్ట్ మరమ్మతు రికార్డులు, సీసీటీవీ ఫుటేజ్ చెరిపేయకుండా ముందే లాయర్ నోటీసు పంపొచ్చా? ఇలాంటి దావా నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.