డ్రయ్యర్ ఉన్న లారీకి గాలి ట్యాంకుల్లో నీళ్ళు రోజూ వదలాలా?

గూడెం ఓనర్:
మాది టెన్ టైర్ అండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, భీమవరం నుంచి రొయ్యల లోడు హౌరా తోల్తాం. మొన్న బ్రేకుల గాలి ట్యాంకు కింద రింగు లాగితే గ్లాసుడు నీళ్ళు కారాయి, కాఫీ రంగులో, జిడ్డుగా. డ్రైవర్నడిగితే గాలిలో తేమ తీసే డ్రయ్యర్ ఉన్న బండికి నీళ్ళు వదలడమేటండీ అని నాకే పాఠం చెప్పాడు. ఎవరిది రైటు?

పాలకొల్లు మేస్త్రి:
వదలాలండి. కంప్రెసర్ బయటి గాలిని లాగి 8 కేజీల ఒత్తిడి దాకా నొక్కుద్ది, గాలితోపాటు తేమా వచ్చేస్తది, వేడి మీద ఆవిరిగా ఉండి చల్లబడగానే నీరైపోద్ది. అసలే మన డెల్టా గాలి, పొద్దున ఆరేసిన లుంగీ సాయంత్రానికీ ఆరదు. డ్రయ్యర్‌లో గింజలుంటాయి, తేమని పీల్చుకునేది అవే. ట్యాంకులు నిండాక బండి ఫుస్సుమంటది చూడండి, ఆ తేమని బయటికి ఊదేయడమే అది. అయినా ఎంతో కొంత దాటి వస్తది.

హౌరా లైన్ డ్రైవర్:
మేస్త్రీ నువ్వు షెడ్డులో కూర్చుని ఎన్నైనా చెప్తావు. వదిలితే గాలంతా పోద్ది, మళ్ళీ గేజి ఎక్కేదాకా బండి కదలదు, ఈలోపు ఐసు కరిగిపోతందని ఇటు గుమాస్తా అటు పార్టీ ఫోన్ల మీద ఫోన్లు. రోజూ వదిలే పని తప్పిద్దామనే గదా డ్రయ్యర్ పెట్టింది.

అంబాజీపేట కొబ్బరి లోడు:
ఎవరు వదిలినా రాత్రి బండి ఆపాకే వదలాలి.

హౌరా లైన్ డ్రైవర్:
తెల్లారే వదలాలి. రాత్రి చల్లబడితేనే గదా నీరు దిగేది.

అంబాజీపేట కొబ్బరి లోడు:
రాత్రంతా నీరు నిలవుంటే ట్యాంకు తుప్పు పట్టదా? మా మావయ్య లారీ దిగేదాకా రాత్రే వదిలాడు, ఒక్క ట్యాంకు మార్చలేదు.

అమలాపురం కుర్రోడు:
రాత్రి గాలంతా వదిలేస్తే హ్యాండ్ బ్రేకు కూడా వదిలేసి బండి కాలవలోకి పోదా అండీ

పాలకొల్లు మేస్త్రి:
పోదు తమ్ముడూ. హ్యాండ్ బ్రేకు పట్టేది స్ప్రింగు, గాలి దాన్ని వెనక్కి నొక్కిపెట్టి ఉంచుద్ది అంతే. గాలి పోతే స్ప్రింగు పట్టే ఉంటది. అయినా చక్రం కింద చెక్క పెట్టుకో.

గూడెం ఓనర్:
రాత్రో పగలో, వీళ్ళకి బద్ధకం అంతే. రింగు లాగడానికి అర నిమిషం పట్టదు. బత్తా మాత్రం పైసా తగ్గకూడదు.

హౌరా లైన్ డ్రైవర్:
బద్ధకమా? అయితే వినండి. కిందటేడు ఇంకో ఓనరు దగ్గర ఇలాగే జిడ్డు నీళ్ళొచ్చాయి, రోజూ నేనే వదిలేవోణ్ణి. కంప్రెసర్ పిస్టన్ రింగులు అరిగి ఆయిలెక్కుతోంది, గింజలకి ఆయిల్ పట్టేసింది, ఆ గింజలుండే డబ్బా, డ్రయ్యర్ కార్ట్రిడ్జ్, మార్చండని మూడుసార్లు చెప్పాను, చూద్దాంలే అన్నాడు. సిద్ధాంతం వంతెన దిగుతుంటే గాలి తగ్గిందని బజర్ మొదలైంది. డ్రయ్యర్ కింద వాల్వు మురికి పట్టి మూసుకోవట్లేదు, కంప్రెసర్ కొట్టిన గాలి కొట్టినట్టే బయటికి పోతంది, బ్రేకు తొక్కినకొద్దీ గేజి దిగిపోతంది. ఎలాగో పక్కకి తీసి ఆపాను. తిరిగొచ్చాక రిపేరు ఖర్చు 6 వేలు నా జీతంలో కోశాడు, నువ్వు నీళ్ళు వదల్లేదు అని! అప్పట్నుంచి ఎవడి బండిలోనూ ఆ రింగు ముట్టను. ముట్టినా నాదే తప్పు, ముట్టకపోయినా నాదే తప్పు.

అంబాజీపేట కొబ్బరి లోడు:
అది తప్పేలే గానీ రాత్రే వదలాలి

పాలకొల్లు మేస్త్రి:
కొబ్బరి గారూ ఆపండి కాసేపు. ఓనర్ గారూ, రింగు లాగేది నీళ్ళు పోవడానికే కాదు, డ్రయ్యర్ పని చేస్తందో లేదో తెలియడానికి. రెండు చుక్కలొస్తే పర్లేదు. గ్లాసుడు జిడ్డు నీళ్ళొచ్చాయంటే అది డ్రైవర్ బద్ధకం కాదు, గింజల పని అయిపోయింది, కంప్రెసర్ ఆయిల్ కొడతంది. కార్ట్రిడ్జ్ ఎప్పుడు మార్చారు?

గూడెం ఓనర్:
కొన్నాక మార్చలేదండి. ముందు ఓనరు మార్చాడేమో.

పాలకొల్లు మేస్త్రి:
కొని ఎన్నేళ్ళు?

గూడెం ఓనర్:
మూడు దాటింది.

హౌరా లైన్ డ్రైవర్:
మరి మీ డ్రైవర్‌కి జీతంలో ఏవన్నా కోశారా?

గూడెం ఓనర్:
మేస్త్రి గారూ కార్ట్రిడ్జ్ ఎంతవుద్దండి, తణుకులో దొరుకుద్దా?

హౌరా లైన్ డ్రైవర్:
ఎంత కోశారండీ?