శ్రీలంకకు మనమిచ్చింది అప్పా, ఊరికే ఇచ్చిందా?

పర్లాకిమిడి కుర్రోడు:
భారత్–శ్రీలంక సాయం మీద కాలేజీలో డిబేట్ ఉంది. ఒకచోట 400 కోట్ల డాలర్లు అంటారు, ఇంకోచోట అంబులెన్సులు ఉచితం అంటారు. ఇందులో తిరిగి రావలసిందేది, రానిదేది? అక్కడ తెలుగువాళ్లున్నారట, నిజమేనా?

బరంపురం మాస్టారు:
రెండూ ఒకే గాటన కట్టావంటే డిబేట్‌లో దొరికిపోతావు. 2022లో శ్రీలంక ఆర్థిక సంక్షోభంలో పడ్డప్పుడు మనమిచ్చిన ఆ 400 కోట్లలో చాలామటుకు అప్పే. ఇంధనానికి ఎగ్జిమ్ బ్యాంకు (ఎగుమతి, దిగుమతులకు అప్పులిచ్చే మన ప్రభుత్వ బ్యాంకు) 50 కోట్ల డాలర్లు, తిండిగింజలు, మందులకు స్టేట్ బ్యాంకు 100 కోట్లు. ఈ అప్పు నోట్ల కట్టలుగా చేతికివ్వరు. అక్కడి వ్యాపారి ఆర్డరు పెడితే, సరుకు పంపిన మన ఎగుమతిదారుకు బ్యాంకు ఇక్కడే చెల్లిస్తుంది, బాకీ కొలంబో పద్దులో పడుతుంది.

అంబులెన్సులు మాత్రం అచ్చంగా గ్రాంటు. పేరు ‘1990 సువ సెరియ’. 1990 ఫోన్ నంబరు, సంవత్సరం కాదు (ఇక్కడే చాలామంది బోల్తా పడతారు). 2016 జులైలో పశ్చిమ, దక్షిణ ప్రావిన్సుల్లో 88 బండ్లతో మొదలైంది, తర్వాత 209 కలిపి 297 చేశారు. మన 108ని నడిపిన హైదరాబాద్ సంస్థే దాన్నీ నిలబెట్టింది. బండి కొనివ్వడం ఒక్కసారి ఖర్చు. డీజిలు, జీతాలు, టైర్లు ఏటా ఉండేవే. అందుకే 2018లో అక్కడ చట్టం చేసి ఫౌండేషన్ పెట్టారు, ఆ బరువు ఇప్పుడు వాళ్లదే.

రాయగడ రావు:
ఇళ్ల సంగతి వదిలేశారు మాస్టారూ. అదీ గ్రాంటే. ఉత్తర, తూర్పు ప్రావిన్సుల్లో యుద్ధంలో ఇల్లు పోయినవాళ్లకు ఇంటికి 5.5 లక్షల శ్రీలంక రూపాయలిచ్చారు. ఇల్లు ఎవరిది వాళ్లే కట్టుకోవాలి, పని ఎంతవరకు వచ్చిందో చూసి విడతలుగా ఖాతాలో వేస్తారు. మన ఇళ్ల పథకాల్లో జరిగేదే అక్కడా జరిగింది: పునాది పెద్దగా తీసేసి, కప్పు దగ్గరికొచ్చేసరికి అప్పులపాలైనవాళ్లున్నారు. టీ తోటల కూలీలకిచ్చే ఇళ్ల దగ్గర చిక్కు వేరు. స్థలం ఎస్టేటుది, ముందు అది తేలితే గాని ఇటుక పడదు.

పర్లాకిమిడి కుర్రోడు:
మరి తెలుగువాళ్లు?

బరంపురం మాస్టారు:
ఉన్నారు, అహికుంటకులు అంటారు. పాములాడించడం, చెయ్యి చూసి జోస్యం చెప్పడం పాత వృత్తి. అనురాధపురం జిల్లాలో తంబుత్తేగమ దగ్గర కుడాగమలో ఒక ఊరుంది, తూర్పున అక్కరైపట్టు వైపు ఇంకొకటి. ఇంట్లో తెలుగే, బడి మాత్రం సింహళంలోనో తమిళంలోనో. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా చదివే మన ఒడిశా తెలుగు పిల్లల్లాగే అనుకో. వాళ్లను మాత్రం సాయం లెక్కలో కలపకు. ఈ ఒప్పందాలేవీ పుట్టకముందే వాళ్లు అక్కడున్నారు.