ఆవు తెల్ల రక్త కణాలు ‘సాధారణం’ అని వస్తే చికిత్స ఆపవచ్చా?

పాడి_చిత్తూరు:
మా సంకరజాతి ఆవు ఈనిన మరునాడే పొదుగు ఒక పక్క రాయిలా గట్టిపడింది. పాలు నీళ్లలా, పసుపుగా వచ్చాయి. మేత ముట్టలేదు. డాక్టరు గారు రక్తం తీసి పట్టణంలోని ల్యాబుకు పంపారు. మొత్తం తెల్ల కణాలు 4,600, వాటిలో లింఫోసైట్లు అనే రకం 80 శాతం, న్యూట్రోఫిల్స్ అనే రకం 12 శాతం. కింద ‘మొత్తం సాధారణం, వైరల్ కావచ్చు’ అని రాశారు. అయితే యాంటీబయాటిక్ వద్దు, రేపు చూద్దాం అన్నారు డాక్టరు గారు. తెల్లవారేసరికి ఆవు లేవలేకపోయింది, సాయంత్రానికి చనిపోయింది. ఆ రిపోర్టు తప్పా, కాదా?

ల్యాబు_టెక్నీషియన్:
అంకెల్లో తప్పు లేదు. ఆవుకు మైక్రోలీటరుకు 4,000 నుంచి 12,000 వరకూ సాధారణమే.

పల్లె_పశువైద్యుడు:
అంకె సరైనదే కావచ్చు, చదివిన తీరు తప్పు. శాతాలు వదిలి సంఖ్యలు చూడండి. 4,600లో 80 శాతం అంటే 3,680 లింఫోసైట్లు. ఆవుకు 2,500 నుంచి 7,500 దాకా మామూలే. పెద్ద ఆవు రక్తంలో మామూలుగా లింఫోసైట్లదే పైచేయి. మనుషుల్లో, కుక్కల్లో న్యూట్రోఫిల్స్‌ది. లింఫోసైట్లు ఎక్కువుంటే వైరల్ అనే మనిషి లెక్కతో చూస్తే ఆరోగ్యంగా ఉన్న ఆవుకు కూడా ‘వైరల్’ అని రాయవలసి వస్తుంది!

ఇక బాక్టీరియాతో ముందుగా పోరాడే న్యూట్రోఫిల్స్ 552. కనీసం 600 ఉండాలి. పైగా ఈనే సమయంలో ఒత్తిడికి ఊరే కార్టిసాల్ హార్మోను వల్ల అవి పెరగాలి. పెరగవలసిన చోట పడిపోయాయంటే పొదుగులోకి తరలిపోయాయని అనుమానించాలి. ఆవు ఎముక మజ్జలో వాటి నిల్వ తక్కువ. కోలిఫార్మ్ (పేడలో ఉండే ఈ.కోలై జాతి బాక్టీరియా) లాంటి వాటితో వచ్చే తీవ్రమైన పొదుగువాపులో మొదటి ఒకటి రెండు రోజులు ఖర్చే ఎక్కువ, మజ్జ నుంచి వచ్చి చేరేది తక్కువ. కుక్కకు ఇంత తీవ్రమైన చీము జబ్బు వస్తే చాలాసార్లు సంఖ్య ఇరవై, ముప్పై వేలు దాటుతుంది. ఆవులో తొలి రోజున అలా ఎదురుచూడకూడదు.

గేదెలపాక:
పొదుగువాపుకు రక్తపరీక్ష దేనికి? పాలు చూస్తే తెలియదా?

కుక్కప్రేమి_విశాఖ:
మా లాబ్రడార్ కుక్కకు తెల్ల కణాలు 24,000 వచ్చాయని యాంటీబయాటిక్ వాడించారు. అప్పటికే దానికి దురదకు ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ నడుస్తోంది. స్టెరాయిడ్ వల్ల కూడా న్యూట్రోఫిల్స్ పెరిగి, లింఫోసైట్లు, ఇయోసినోఫిల్స్ అనే మరో రకం తెల్ల కణాలు తగ్గుతాయని తరువాత వేరే డాక్టరు చెప్పారు. ఇక్కడ అవసరమైన మందు ఆపారు, మాకు అక్కరలేని మందు ఇచ్చారు.

ల్యాబు_టెక్నీషియన్:
552కూ 600కూ తేడా 48. యంత్రం లెక్కలో అంత తేడా రావడం మామూలే. దాని మీద ఇంత తీర్పా?

పల్లె_పశువైద్యుడు:
నేను 48 గురించి మాట్లాడటం లేదు. మనుషుల రక్తానికి అమర్చిన యంత్రం ఆవు కణాలను వేరు చేసిందని నమ్మి, స్లైడు చూడకుండా ‘వైరల్’ అని ఎలా రాస్తారు? స్లైడు మీద బ్యాండ్ కణాలు, అంటే ఇంకా పండని లేత న్యూట్రోఫిల్స్, ఉన్నాయా, న్యూట్రోఫిల్స్‌లో విషప్రభావం కనిపిస్తోందా అన్నది ఎవరు చూడాలి?

ల్యాబు_టెక్నీషియన్:
మాకు వచ్చే చీటీ మీద ‘ఆవు’ అన్న ఒక్క మాటే ఉంటుంది. ఈనిందా, పొదుగు వాచిందా, జ్వరం ఎంత, ఏమీ రాయరు. పశువును చూసినది మీరు. కాగితం మీద మాట చదివి మందు ఆపినది మీ వృత్తి వారే. నింద మాత్రం ల్యాబుకా?

కుక్కప్రేమి_విశాఖ:
నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. 24,000 అంటే జబ్బా, కాదా?

పల్లె_పశువైద్యుడు:
విశాఖ వారూ, ఆ ఒక్క అంకెతో చెప్పలేము. బ్యాండ్ కణాలు చూడాలి.

ల్యాబు వారూ, మా బాధ కూడా వినండి. పరీక్ష లేకుండా సూది వేస్తే, ‘ఊరికే వేశారు, మందు కలిసిన పాలు పారబోయవలసి వచ్చింది’ అని రైతు నలుగురిలో నిలదీస్తాడు. అందుకే చాలామంది రిపోర్టు వెనుక దాక్కుంటున్నారు.

పాడి_చిత్తూరు:
పాలు పారబోయమని నాకు ఎవరూ చెప్పలేదండీ. చెప్పి ఉంటే పారబోసేవాడిని. మీరయితే ఆ రాత్రే మందు వేసేవారా?

పల్లె_పశువైద్యుడు:
వేసేవాడిని. రక్తం తీసి, వెంటనే సెలైన్, నొప్పీ వాపూ తగ్గించే సూది, యాంటీబయాటిక్. పొదుగును పదేపదే పితికించేవాడిని. రిపోర్టు ఆ తరువాతి సంగతి.

గేదెలపాక:
నేనన్నదీ అదే.

ల్యాబు_టెక్నీషియన్:
అలాగైతే రక్తం మాకు పంపడం ఎందుకు?

పల్లె_పశువైద్యుడు:
పశువు తేరుకుంటోందా అని తెలుసుకోవడానికి. మూడు నాలుగు రోజుల్లో న్యూట్రోఫిల్స్ మళ్లీ పుంజుకుంటే ఆశ ఉంటుంది. అడుగునే ఉండిపోతే మజ్జ చేతులెత్తేసినట్టు. ఆ సంగతి రెండో పరీక్ష చెబుతుంది, మొదటిది కాదు.

ల్యాబు_టెక్నీషియన్:
రెండోసారి డబ్బు కట్టి రక్తం పంపే రైతు ఎవరండీ? నేను చూడలేదు.

పాడి_చిత్తూరు:
నేను పంపేవాడిని. ఎవరూ అడగలేదు.