హోవార్డ్ జాన్సన్స్ మూతకు కారకులెవరు: కొన్నవారా, కొడుకా, కాలమా?

పాతరోడ్డు:
న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ జార్జ్‌లో మిగిలిన చివరి హోవార్డ్ జాన్సన్స్ రెస్టారెంటు 2022లో మూతపడింది. ఒకప్పుడు అమెరికా రహదారుల పక్కన నారింజరంగు పైకప్పులతో వెయ్యికి పైగా శాఖలు నడిపిన సంస్థ అది. 1985లో దానిని కొన్న హోటళ్ల సంస్థ మారియట్, సంస్థ సొంత రెస్టారెంట్లను తన దగ్గర ఉంచుకొని వాటిలో అనేకాన్ని వేరే పేర్లకు మార్చి, పేరునూ లాడ్జీలనూ ప్రైమ్ మోటార్ ఇన్స్‌కు అమ్మివేసింది. ఆ పేరు వాడుకొని సొంతంగా శాఖలు నడుపుతున్న ఫ్రాంచైజీదారులు దిక్కులేనివారయ్యారు. నా దృష్టిలో నేరం మారియట్‌దే. మీరేమంటారు?

లెక్కలమాస్టారు:
పాతరోడ్డు గారూ, శవపరీక్ష చేసినవాణ్ణి హంతకుడంటున్నారు. 1980లో సుమారు 63 కోట్ల డాలర్లకు దీనిని కొన్న బ్రిటన్ సంస్థ ఇంపీరియల్ గ్రూప్, ఐదేళ్లకే దాదాపు 31 కోట్లకు వదిలించుకుంది. గ్రౌండ్ రౌండ్ అనే అనుబంధ రెస్టారెంట్లను అట్టిపెట్టుకున్న మాట నిజమే గానీ, ఆ మినహాయింపు అంత పెద్ద తేడాను పూడ్చలేదు. మారియట్ చేతికి వచ్చేనాటికే అందులో విలువైనవి కూడలి స్థలాలు తప్ప వంటగది కాదు. 1973 నాటి చమురు కొరతతో కారు ప్రయాణాలు తగ్గాయి. మరోవైపు, కూర్చోబెట్టి వడ్డించే పనిలేని మెక్‌డొనాల్డ్స్ వంటివి అదే దారుల మీదికి వచ్చాయి. కాలమే దీనిని దాటిపోయింది.

గరిటె:
మాస్టారూ, కాలమే చంపేదైతే ఆ పని రెండవ ప్రపంచయుద్ధంలోనే జరగవలసింది. పెట్రోలు రేషన్ వల్ల 1944 నాటికి తెరచి ఉన్న శాఖలు పన్నెండే. అయినా యుద్ధం ముగిశాక సంస్థ తిరిగి లేచిందంటే, తినేవారికి దాని రుచి గుర్తుండటమే కారణమని నా అభిప్రాయం.

1925లో మసాచుసెట్స్‌లోని క్విన్సీలో చిన్న మందుల దుకాణం కొన్న సంస్థ స్థాపకుడు హోవార్డ్ జాన్సన్, వెన్నపాళ్లు పెంచిన ఐస్‌క్రీముతో పేరు తెచ్చుకొని, చివరకు 28 రుచుల దాకా వెళ్లాడు. క్లామ్ అనే సముద్రపు ఆల్చిప్ప మాంసంలో మెత్తటి పొట్టభాగం తీసివేసి, మిగిలినదానిని సన్నని పేలికలుగా కోసి వేయించే వంటకాన్ని దేశమంతా అలవాటు చేసింది ఈ రెస్టారెంట్లే. కేంద్ర వంటశాలల్లో సిద్ధమైన సరుకు గడ్డకట్టించి పంపేవారు కాబట్టి ఏ ఊళ్లో దిగినా అదే రుచి. 1960లో జాక్ పెపాన్, పియెర్ ఫ్రానే వంటి ఫ్రెంచి వంటగాళ్లను ఆ వంటశాలకు తెచ్చుకున్న సంస్థ అది. తండ్రి జాన్సన్ చెప్పాపెట్టకుండా శాఖలకు వెళ్లి రుచి చూసేవాడు. 1959లో పగ్గాలు పట్టిన కొడుకు చూపు ఖర్చుల మీదికి మళ్లింది. నన్నడిగితే పతనం అక్కడే మొదలైంది.

లెక్కలమాస్టారు:
రుచి సంగతి ఒప్పుకుంటాను గానీ, తండ్రి కాలాన్ని మరీ స్వర్ణయుగం చేయకండి. 1957లో డెలావేర్‌లోని డోవర్ శాఖలో ఘనా ఆర్థికమంత్రి గ్బెడెమా నారింజరసం అడిగితే, నల్లవారు లోపల కూర్చుని తాగడానికి వీల్లేదన్నారు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆయనను అల్పాహారానికి పిలిచి సర్దిచెప్పుకోవలసి వచ్చింది. దేశమంతటికీ ఒకే రుచి అందించిన ఆ సంస్థ అందరికీ ఒకే బల్ల వేయలేదు.

పాతరోడ్డు:
గరిటె గారి వాదన నన్ను కొంత కదిలించింది. మారియట్ మీద మోపిన నేరాన్ని సగానికి తగ్గించుకుంటున్నాను. మిగతా సగం మాత్రం వదలను. 1986లో ఫ్రాంచైజీదారులు ఏకమై సొంత సంఘం పెట్టుకొని, అవే ఐస్‌క్రీములతో, అవే వేపుళ్లతో కొన్ని శాఖలను ఏళ్ల తరబడి నడిపారు. ఆ వంట కోసం వచ్చేవారు మిగిలి ఉండబట్టే కదా అవి నడిచాయి?