ఆఫీసు పూజలు, ప్రసాదాలు, మైకులు: విశ్వాసాన్ని దాచకుండా, ఎవరినీ నొప్పించకుండా ఎలా చెబుతున్నారు?

సత్తెనపల్లి కోడలు

అందరికీ వందనాలు. బ్యాంకులో పనిచేస్తున్నాను, ఈ మధ్యే కొత్త శాఖకు బదిలీ అయింది. దసరా దగ్గర పడింది. ఆయుధపూజ నాడు ఇక్కడ క్యాష్ కౌంటర్‌కు, లాకర్ గది తలుపుకు పసుపు కుంకుమలు పెట్టి, సిబ్బంది ఒక్కొక్కరూ కొబ్బరికాయ కొడతారట. పాత శాఖలో నేను క్రైస్తవురాలినని అందరికీ తెలుసు కాబట్టి ఇబ్బంది రాలేదు. ఇక్కడ నా పేరు చూసి ఎవరూ అలా అనుకోరు. ‘ఆ రోజు సెలవు పెట్టేయ్, గొడవ ఉండదు’ అంటున్నారు మావారు. నాకు మనసొప్పడం లేదు. ప్రభువును నమ్ముకున్నదాన్ని, సెలవు చాటున దాక్కోవడం దేనికి? అలాగని పండుగ పూట నలుగురిలో ‘నేను కొట్టను’ అని వాళ్ల సంతోషం చెడగొట్టడమూ ఇష్టం లేదు. ఇలాంటివి దాటి వచ్చినవారు ఏం మాట్లాడారో, ఎలా మాట్లాడారో ఉన్నదున్నట్టు చెప్పండి.

ఒంగోలు మాస్టారు

అమ్మా, పండుగ రోజుదాకా ఆగకండి. నా ఉద్యోగమంతా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో గడిచింది. కొత్త బడికి వెళ్లిన ప్రతిసారీ, వినాయక చవితికో సరస్వతీ పూజకో ముందు వారమే హెడ్మాస్టరుగారిని విడిగా కలిసి చెప్పేవాణ్ని: ‘అయ్యా, నేను యేసుప్రభువును నమ్ముకున్నవాణ్ని. పూజలో కూర్చోలేను, హారతి తీసుకోలేను. మిగతా పని ఏదైనా నాకు అప్పగించండి.’ ఆ చివరి మాట మరిచిపోవద్దు. షామియానా, మంచినీళ్లు, పిల్లల వరుసలు నేనే చూసుకునేవాణ్ని. పూజ జరుగుతున్నంతసేపూ వెనక చేతులు కట్టుకుని నిలబడేవాణ్ని.

ఒకసారి తోటి ఉపాధ్యాయుడు ‘ఏం, మీ దేవుడు ఒప్పుకోడా?’ అని కాస్త వెటకారంగానే అడిగారు. ‘ఒక్కరికే మొక్కుతానని మాట ఇచ్చానండీ, ఆ మాట మీద ఉన్నాను’ అన్నాను. అంతటితో ఊరుకున్నారు. చాలా రోజులకు ఆయనే మా ఇంటికి వచ్చి, ఆ మాట ఇచ్చిన కథేమిటో చెప్పమన్నారు. రాత్రి భోజనాల వేళ దాటేవరకు మాట్లాడుకున్నాం. ఆయన మతం మారలేదు, మా స్నేహమూ చెడలేదు.

తరగతి గదిలో మాత్రం ఎన్నడూ బోధించలేదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతోంది. చట్టం మాట అటుంచండి, లేచి వెళ్లే వీలులేని పసివాళ్లకు బోధించడం నాకు న్యాయమనిపించలేదు.

వరంగల్ రమణ

నేను హిందువుని. ఈ చర్చ చదువుతుంటే అవతలి వైపు నుంచి రెండు మాటలు చెప్పాలనిపించింది. మా విభాగంలో ఇద్దరు క్రైస్తవులు ఉండేవారు. యాదగిరిగుట్ట నుంచి తెచ్చిన పులిహోర పంచితే, ఒకరు నవ్వుతూ తీసుకునేవారు. ఒకనాడు చేతులు కడుక్కోవడానికి వెళ్తే, అది పొట్లంతో సహా చెత్తబుట్టలో కనిపించింది. పైన ఇంకా జీడిపప్పు కనబడుతూ ఉంది. ఆ రోజు పడిన బాధ ఇప్పటికీ పోలేదు.

రెండో ఆవిడ మొదటి రోజే చెప్పారు: ‘రమణగారూ, దేవుడి ముందు పెట్టింది నేను తినను, ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో వండింది ఏదైనా పెట్టండి, తింటాను.’ మా ఆవిడ చేసిన సకినాలు అడిగి మరీ తినేవారు. మా అమ్మకు డయాలసిస్ మొదలైనప్పుడు ఆవిడ నా దగ్గరికి వచ్చి, ‘మీకు అభ్యంతరం లేకపోతే అమ్మగారి కోసం ప్రార్థన చేసుకుంటాను’ అన్నారు. ముందు అడిగారు చూడండి, అక్కడే నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది. మా విగ్రహాల గురించి తక్కువ చేసి ఒక్క మాట కూడా ఆవిడ నోట వినలేదు. యేసు గురించి మాత్రం అడిగితే దాపరికం లేకుండా చెప్పేవారు.

సత్తెనపల్లి కోడలు

రమణగారూ, మీరు రాసినందుకు చాలా సంతోషం. ప్రసాదం విషయంలో నేనూ ఆ రెండో ఆవిడలాగే చెబుతాను. కొందరు విశ్వాసులు మనస్సాక్షికి అభ్యంతరం లేదని తింటారు, అది వారిష్టం. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఇదే విషయం మీద మూడు అధ్యాయాలు నడుస్తాయి. తిన్నా, మానినా ఎదుటివారిని దృష్టిలో పెట్టుకోమన్నాడు. తీసుకుని పారేయమని మాత్రం ఎక్కడా లేదు.

యువ సాక్షి

అందరూ మెత్తగా చెబుతున్నారు, బాగానే ఉంది. కానీ అడిగేదాకా నోరు విప్పకపోతే సువార్త ఎవరు చెబుతారు? డోర్నకల్ బిషప్ అజరయ్యగారు బాప్తిస్మం తీసుకున్న ప్రతివారి చేతా తలమీద చేయి పెట్టించి, ‘సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ’ అని చెప్పించేవారు. ఆయనేమీ ఊరుకోలేదే! కాలేజీ గేటు దగ్గర మేము కరపత్రాలు పంచుతాం. 25వ అధికరణ మాకు ఆ హక్కు ఇచ్చింది.

బెజవాడ న్యాయవాది

తమ్ముడూ, హక్కు ఉంది, నిజమే. మతాన్ని అవలంబించడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి 25వ అధికరణ స్వేచ్ఛ ఇస్తోంది. శాంతిభద్రతలకు, నైతికతకు, ప్రజారోగ్యానికి లోబడి అని కూడా అందులోనే ఉంది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో గీత గీసింది: నీ విశ్వాసాన్ని వివరించవచ్చు, అవతలివారిని మతం మార్చడం మాత్రం హక్కు కిందికి రాదు. రోడ్డు మీద మర్యాదగా కరపత్రం ఇవ్వు, వద్దంటే నమస్కారం పెట్టి పక్కకు తప్పుకో. గుడి దగ్గరికి మాత్రం వెళ్లకు. తిరుమల లాంటి పుణ్యక్షేత్రాల్లో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 2007లోనే చట్టం వచ్చింది. అది సబబేనని నా అభిప్రాయం. మన ఆరాధన జరుగుతుండగా గుమ్మంలో ఇంకొకరు వచ్చి పంచితే మనకెలా ఉంటుంది?

అజరయ్యగారి మాట ఎత్తావు కాబట్టి ఇదీ చెబుతాను. 1910లో ఎడిన్‌బరో మిషనరీ సభలో, పాశ్చాత్య మిషనరీల ముందు నిలబడి, మీరు ఎంతో త్యాగం చేశారు, మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అని అడిగిన మనిషి ఆయన. ప్రకటించమన్నదీ ఆయనే, స్నేహం కావాలన్నదీ ఆయనే. నేను రెండూ కలిపే చదువుకుంటాను.

ఒంగోలు మాస్టారు

మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా, కరువు పని నడుస్తున్నన్నాళ్లూ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, వాళ్ల మనసుల్లోనూ ఆ కల్తీ ఉండకూడదని ఆయన పట్టుదల. సాయం అందడం ఆగాక, 1878 జూలై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. యువ సాక్షిగారూ, ఆ నిరీక్షణ మీద మనసు పెట్టండి. అన్నం పెట్టే చేత్తోనే కరపత్రం కూడా పెట్టకుండా ఉండటానికి కూడా విశ్వాసం కావాలి.

లెస్టర్ సిస్టర్

మాది గుంటూరు, ఇంగ్లండులో నర్సుగా పనిచేస్తున్నాను. ఇక్కడ సమస్య వేరు. దేవుడి మాట ఎత్తితే ఎవరూ కోప్పడరు, మొహమాటపడి మాట మార్చేస్తారు. అందుకని నేను పెద్దగా ఏమీ చెప్పను, దాచను కూడా. సోమవారం ‘ఆదివారం ఏం చేశారు?’ అంటే, ‘చర్చికి వెళ్లాను, ఆరాధన తర్వాత ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు భోజనం వడ్డించాం’ అంటాను. చాలాసార్లు తర్వాతి ప్రశ్న వాళ్లే వేస్తారు.

రోగుల దగ్గర నియమం కచ్చితం. సొంత నమ్మకాలను తగని రీతిలో వ్యక్తం చేయకూడదని మా నర్సుల నియమావళిలోనే ఉంది. రోగి తనంతట తాను ‘నా కోసం ప్రార్థించు’ అంటే సరేనంటాను, ఆసుపత్రి చాప్లిన్‌కు (రోగుల కోసం అక్కడే ఉండే పాస్టరుకు) కూడా కబురు చేస్తాను. ముస్లిం రోగి అడిగితే ఇమాముకు చేస్తాను. సిలువ గొలుసు గురించి చాలామంది అడుగుతారు. 2013 జనవరిలో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం, బ్రిటిష్ ఎయిర్‌వేస్ కౌంటర్ ఉద్యోగిని సిలువ ధరించే విషయంలో ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. అదే తీర్పులో నర్సు పెట్టుకున్న ఫిర్యాదును మాత్రం ఒప్పుకోలేదు. వార్డులో రోగి గొలుసు పట్టి లాగితే గాయం అవుతుందన్నది కారణం. నాకది సమంజసమే అనిపించింది. డ్యూటీలో తీసేస్తాను, ఇంటికి వెళ్తూ బస్సులో వేసుకుంటాను.

పేరు వద్దు

ఇంత ధైర్యంగా మాట్లాడుకుంటున్నారు, సంతోషం. కానీ మా పల్లెల్లో బయటికి చెప్పడానికి ఖరీదు ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుణ్ణని రాసుకున్న దళితుడు ఎస్సీ కాడు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు) కిందికి వస్తాడు, అక్కడ రిజర్వేషను ఒక్క శాతం. మా నాన్న బీసీ-సీ అనే రాయించారు. మాకు చేతికందిన ఉద్యోగాలు జారిపోయాయి. నాన్న ఎన్నడూ విచారించలేదు, నేనూ విచారించడం లేదు. అయితే ఆదివారం చర్చిలో వెనక కూర్చుని, కాగితాల మీద ఇంకో మతం ఉన్న తోటివాణ్ణి పిరికివాడని ఎవరైనా అంటే నాకు చాలా కష్టంగా ఉంటుంది. పిల్లల చదువు కళ్లముందు ఉన్నప్పుడు ఆ తండ్రి ఏం మోస్తున్నాడో మనకు తెలియదు. సౌమ్యత బయటివారి దగ్గరే కాదు, మనలో మనకు కూడా ఉండాలి.

పాస్టరమ్మ

వందనాలు. మైకుల సంగతి ఎవరూ ఎత్తలేదు, అందుకని రాస్తున్నాను. మా మందిరం ఇళ్ల మధ్య ఉంది. ఒక తల్లి వచ్చి, ‘అమ్మా, మా అబ్బాయికి పదో తరగతి పరీక్షలు, ఉపవాస కూటాల పాటలకు చదవలేకపోతున్నాడు’ అంది. మా పాస్టరయ్యగారు ఆ సాయంత్రమే బయటి బాకాలు దింపించారు. లోపలి స్పీకర్లు చాలు, దేవుడికి వినబడుతుంది. కొందరు పెద్దలు అలిగారు కూడా. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకు కూడదని ఎలాగూ నిబంధన ఉంది. ఆ అబ్బాయి పేరు చెప్పి సంఘమంతా ప్రార్థించింది. ఆ తల్లికి ఆ మాట చేరినప్పుడు కళ్లనీళ్లు పెట్టుకుందట.

బెజవాడ న్యాయవాది

పాస్టరమ్మగారూ, మంచి పని చేశారు. 2000లో చెన్నైలోని ఒక చర్చి మైకుల కేసులో సుప్రీంకోర్టు ఇదే అన్నది, ఇతరుల ప్రశాంతత చెడగొడుతూ ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని. మైకు అందరికీ ఒకటే, గుడికైనా మసీదుకైనా.

వరంగల్ రమణ

ఒక సందేహం, తప్పుగా అనుకోకండి. నేను చెప్పిన ఆ రెండో ఆవిడ భర్త పోయారు. శనివారం జ్ఞాపకార్థ కూటం ఉంది, రమ్మని కబురు పంపారు. అక్కడ నేను ఏం చేయాలి? పాటలు, ప్రార్థన వచ్చినప్పుడు లేచి బయటికి వెళ్లాలా?

పాస్టరమ్మ

తమ్ముడూ, తప్పకుండా వెళ్లండి. బయటికి వెళ్లనక్కర్లేదు. అందరూ లేచినప్పుడు లేవండి, కూర్చున్నప్పుడు కూర్చోండి, పాడాలని ఎవరూ అడగరు. ఫోటోకు దండ వేయాలనుకుంటే ముందుగా ఇంటివాళ్లను అడగండి, కొన్ని సంఘాల్లో వేయరు. ఆయన గురించి మాట్లాడమని పిలుస్తారు, తెలిసిన సంగతి ఒకటి చెప్పండి చాలు. భోజనం చేసే రండి. మీ ఆవిడను కూడా తీసుకువెళ్లండి, పక్కన కూర్చుంటే భర్తను పోగొట్టుకున్న ఆమెకు ధైర్యంగా ఉంటుంది.