ఫోటో ఉండగా బాలబంది తీగను కోసి ఎండబెట్టడం దేనికి?

ఉప్పుగాలి: భీమిలి ఇసుకలో కాలేజీ పిల్లలు బాలబంది తీగను (మేక గిట్టలా చీలిన ఆకు, ఊదా పువ్వు) వేళ్లతో సహా పీకి పేపర్ మడతల్లో పెడుతున్నారు. హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కలను కాగితపు షీట్లకు అంటించి దాచే చోటు) కోసమట. ఇసుక కదలకుండా పట్టి ఉంచేదే ఆ తీగ. సెల్‌ఫోన్ ఫోటో చాలదా?

ఎండుటాకు: చాలదండీ. ఫోటోలోంచి డీఎన్ఏ తీయలేం. గింజ మీది నూగు ఫోటోలో సరిగ్గా కనపడదు. షీటు మీద చీటీలో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ సేకరించారో ఉంటుంది. పేరు తప్పని ఎవరైనా అంటే మళ్లీ ఆ మొక్కనే తీసి చూడొచ్చు. పైగా వేళ్లతో పీకక్కర్లేదు, పువ్వూ కాయా ఉన్న కొమ్మ చాలు.

ఉప్పుగాలి: వేళ్లతోనే పీకారు. నేను చూశాను.

బీచ్‌రోడ్: గొడవెందుకు? ఉష్ణమండల తీరాలన్నిటా ఉండే తీగ. గింజలు సముద్రం మీద తేలిపోయి ఎక్కడెక్కడో మొలుస్తాయి.

ఎండుటాకు: మామూలు మొక్కే కదా అని ఎవరూ సేకరించరు, అదే నా బాధ. రికార్డు లేదంటే అక్కడ మొక్క లేదని కాదు, ఎవరూ కోయలేదని కూడా కావొచ్చు. రేపు ఆ ఇసుక దిబ్బ చదును చేసి "ఇక్కడ తీగ ఎప్పుడూ లేదు" అంటే ఏం చూపిస్తారు?

ఉప్పుగాలి: చూపించడానికి మాకు దొరికితే కదా! ఒక హెర్బేరియంలో మా తీరం షీట్లు అడిగితే ఉత్తరం తెమ్మన్నారు. తెస్తే సారు లేరన్నారు. రెండోసారీ అంతే.

ఎండుటాకు: వాళ్ల తప్పుకి సేకరణను తిడతారేంటి? ప్రభుత్వ సంస్థ బొటానికల్ సర్వే షీట్లను ఇండియన్ వర్చువల్ హెర్బేరియం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు.

ఉప్పుగాలి: నేనడిగేది కాలేజీ బీరువాల సంగతి. 1780లలో వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి మన మొక్కలకు బొమ్మలు వేయించాడు. అవి లండన్‌లోని 'క్యూ' అనే వృక్షోద్యానానికీ చేరాయి. ఇప్పటికీ మా దిబ్బ మీద కోసింది మా కంటికి కనపడదు. కోయడం మీద కాదండీ నా కోపం, దాచడం మీద.

బీచ్‌రోడ్: ఈ మాట మొదటే అనాల్సింది.

ఎండుటాకు: సరే, మా దగ్గరున్న బాలబంది షీటు చీటీ ఇక్కడ పెడతాను. ఊరి పేరు ఉంచి జీపీఎస్ అంకెలు తీసేస్తా. అన్నీ బయట పెడితే అరుదైన మొక్కలను పీక్కుపోతారు.

ఉప్పుగాలి: ఇది అరుదైంది కాదని పైనే తేలింది కదా. అంకెలు లేకపోతే ఏ దిబ్బో ఎలా తెలుస్తుంది? అవీ పెట్టండి.

ఎండుటాకు: ఒక్క మొక్కకి ఒప్పుకుంటే రేపు అన్నిటికీ అడుగుతారు. పెట్టను.