విండోస్ 11కి అప్‌గ్రేడ్ పెట్టాక లాప్‌టాప్ లేవడం లేదు: నీలం తెర, మళ్ళీ రీస్టార్ట్, మళ్ళీ నీలం తెర

కొత్తచిగురు

అందరికీ నమస్కారం అండి. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఉన్న లాప్‌టాప్. విండోస్ 10 మీద నుంచే 11కి అప్‌గ్రేడ్ పెట్టాను. డౌన్‌లోడ్ బాగానే అయింది. రెండోసారి రీస్టార్ట్ అయ్యాక 35 శాతం దగ్గర ఆగిపోయి నాలుగు గంటలు కదల్లేదు. చివరికి పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేశాను.

ఇప్పుడు ఆన్ చేస్తే కంపెనీ లోగో వస్తుంది, కింద చుక్కలు ఓ పది సెకన్లు తిరుగుతాయి, ఆ తర్వాత నీలం తెర మీద "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అని వచ్చి రీస్టార్ట్ అవుతుంది. రెండుమూడు సార్లు ఇలా జరిగాక ఆటోమేటిక్ రిపేర్ మొదలై, రిపేర్ చేయలేకపోయాం అని చెప్పి ఆగిపోతుంది. "రీసెట్ దిస్ పీసీ" నొక్కినా పని జరగలేదు. డెస్క్‌టాప్ మీదా డాక్యుమెంట్స్‌లోనూ ముఖ్యమైన ఫైళ్ళున్నాయి, బ్యాకప్ లేదు. ఫైళ్ళు పోకుండా దీన్ని లేపే దారి చెప్పండి.

పాతకీబోర్డు

బూట్ ఫైళ్ళు పాడై ఉంటాయి. ఆటోమేటిక్ రిపేర్ స్క్రీన్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ట్రబుల్‌షూట్, మళ్ళీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్‌కి వెళ్ళి బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్, బూట్‌రెక్ /ఫిక్స్‌బూట్, బూట్‌రెక్ /రీబిల్డ్‌బీసీడీ ఈ మూడూ వరసగా కొట్టి చూడండి.

సర్క్యూట్

దయచేసి ఆ మూడూ ఇప్పుడే కొట్టకండి. ఇక్కడ బూట్ ఫైళ్ళకు ఏమీ కాలేదు. ఈ కోడ్‌తో నీలం తెర వచ్చిందంటేనే వాటి పని అయిపోయిందని అర్థం.

ఆన్ చేసిన దగ్గర్నుంచి జరిగేది ఇది. ముందు బయోస్, అంటే ఇప్పటి లాప్‌టాప్‌ల్లో యూఈఎఫ్‌ఐ, లేస్తుంది. అది ఈఎఫ్‌ఐ పార్టిషన్లోని బూట్ మేనేజర్‌ని పిలుస్తుంది. బూట్ మేనేజర్ బీసీడీ, అంటే ఏ విండోస్‌ని ఎక్కడి నుంచి లేపాలో రాసిన పట్టిక, చూసి విన్‌లోడ్ అనే ప్రోగ్రాముని పిలుస్తుంది. విన్‌లోడ్ విండోస్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌ని, మొదట కావలసిన డ్రైవర్లని మెమరీలోకి ఎక్కిస్తుంది. ఇంతవరకూ డిస్కు చదివి పెడుతున్నది బయోసే. ఆ తర్వాత కెర్నల్ తన సొంత డ్రైవర్‌తో అదే డిస్కును పట్టుకోవాలి. ఆ చేతులు మారే చోట కెర్నల్‌కి డిస్కు కనపడకపోతే వచ్చేదే ఈ ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్, కోడ్ 0x7బీ. బూట్ మేనేజర్, బీసీడీ, విన్‌లోడ్ మూడూ దొరక్కుండా ఇక్కడిదాకా రావడం సాధ్యం కాదు.

పైగా మీ అప్‌గ్రేడ్ మధ్యలో ఆగింది. ఆ సమయంలో బీసీడీలో సెటప్ కోసమూ, పాత విండోస్‌కి వెనక్కి వెళ్ళడం కోసమూ ప్రత్యేకంగా రాసుకున్న ఎంట్రీలు ఉంటాయి. బీసీడీని పక్కన పెట్టి కొత్తగా కట్టిస్తే వెనక్కి వెళ్ళే ఆ దారి పోతుంది. జీపీటీ పద్ధతిలో విభజించిన ఇప్పటి డిస్కులో ఫిక్స్‌ఎంబీఆర్ వల్ల ఒరిగేదేమీ లేదు, ఫిక్స్‌బూట్ అయితే చాలాసార్లు "యాక్సెస్ ఈజ్ డినైడ్" అంటుంది.

రెండు సంగతులు చెప్పండి.
1. పవర్ బటన్‌తో ఆపాక బయోస్‌లోకి వెళ్ళి ఏమైనా మార్చారా? "లోడ్ డిఫాల్ట్స్" నొక్కినా సరే చెప్పండి.
2. కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌పార్ట్ అని టైప్ చేసి ఎంటర్, తర్వాత లిస్ట్ డిస్క్ అని ఎంటర్. ఏం చూపిస్తుంది? ఈ రెండూ చదవడమే తప్ప దేన్నీ మార్చవు.

కొత్తచిగురు

అవునండి. ఆపేశాక ఒకసారి నల్ల తెర దగ్గరే ఉండిపోతే బయోస్‌లోకి వెళ్ళి లోడ్ డిఫాల్ట్స్ నొక్కి సేవ్ చేశాను. నీలం తెర ఆ తర్వాత నుంచే.

లిస్ట్ డిస్క్ కొడితే "దేర్ ఆర్ నో ఫిక్స్‌డ్ డిస్క్స్ టు షో" అంటోంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎక్స్ డ్రైవ్ తప్ప ఇంకేమీ లేదు. ఎస్‌ఎస్‌డీ పోయినట్టేనా?

సర్క్యూట్

పోలేదు. ఇప్పుడు మీరు చూస్తున్న రిపేర్ స్క్రీన్ ఆ ఎస్‌ఎస్‌డీలోని రికవరీ పార్టిషన్లోంచే వచ్చింది. బయోస్ దాన్ని చదివి ర్యామ్‌లో పెట్టింది, ఆ ర్యామ్‌లోని డిస్కే మీకు కనబడే ఎక్స్ డ్రైవ్. అంటే బయోస్‌కి ఎస్‌ఎస్‌డీ కనబడుతోంది, విండోస్‌కి కనబడటం లేదు. ఈ తేడాకి 11వ తరం ఇంటెల్ లాప్‌టాప్‌లో మొదట అనుమానించాల్సింది వీఎండీ కంట్రోలర్, అంటే ఎస్‌ఎస్‌డీకీ విండోస్‌కీ మధ్య నిలబడే ఇంటెల్ భాగం.

వీఎండీ ఆన్‌లో ఉంటే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ దాని చాటుకు వెళ్తుంది, ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ లేకపోతే విండోస్‌కి కనపడదు. విండోస్ కొత్తగా ఎక్కించేటప్పుడు "డ్రైవ్ దొరకలేదు" అని వస్తే చాలామంది చేసేది వీఎండీని ఆఫ్ చేసేయడమే. మీ మెషీన్లో కూడా అలా ఆఫ్ చేసే విండోస్ 10 ఎక్కించి ఉంటారు. లోడ్ డిఫాల్ట్స్ నొక్కగానే అది మళ్ళీ ఆన్ అయింది. అప్‌గ్రేడ్ 35 శాతం దగ్గర ఆగడం ఒక తప్పు, ఈ నీలం తెర దాని మీద వచ్చి పడ్డ రెండో తప్పు. రెండోది విప్పితే గానీ మొదటిది కనపడదు.

చేయాల్సింది:

బయోస్‌లోకి వెళ్ళండి. ఎక్కువ లాప్‌టాప్‌లలో ఎఫ్2, కొన్నిట్లో ఎఫ్10 లేదా డిలీట్. అడ్వాన్స్‌డ్ లేదా స్టోరేజ్ పేజీలో "వీఎండీ సెటప్", "ఎనేబుల్ వీఎండీ కంట్రోలర్", "శాటా మోడ్" లాంటి పేర్లతో ఉంటుంది. ఏసర్ లాప్‌టాప్‌ల్లో మెయిన్ పేజీలో ఉండి కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితేనే ఆ లైను బయటికి వస్తుంది. మార్చేముందు ఇప్పుడున్న తెరని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. వీఎండీని డిసేబుల్ చేయండి, శాటా మోడ్ అని ఉంటే ఏహెచ్‌సీఐ పెట్టండి, సేవ్ చేసి బయటికి రండి. ఇంకే సెట్టింగూ ముట్టుకోవద్దు. ఒకేసారి నాలుగు మారిస్తే దేని వల్ల బాగుపడిందో, దేని వల్ల చెడిందో ఎవరూ చెప్పలేరు.

కొన్ని బయోస్‌లు ఇక్కడ "డేటా అంతా పోతుంది" అని భయపెడతాయి. ఒక్క ఎస్‌ఎస్‌డీయే ఉండి, రెయిడ్ (కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడటం) కట్టకుండా, ఆప్టేన్ మెమరీ (డిస్కు వేగం పెంచే ఇంటెల్ భాగం) జత చేయకుండా ఉంటే ఈ మార్పు వల్ల డిస్కులో ఒక్క అక్షరం కూడా మారదు. రెయిడ్‌గానీ ఆప్టేన్‌గానీ ఉంటే మాత్రం అక్కడే ఆగి ముందు ఇక్కడ అడగండి.

ఇదే తప్పు రెండో వైపు నుంచి కూడా వస్తుంది. వీఎండీ ఆన్‌లో ఉండగా ఎక్కించిన విండోస్, ఆఫ్ చేస్తే ఇదే నీలం తెర ఇస్తుంది. కాబట్టి ఇది చదివేవాళ్ళు "ఆఫ్ చేయాలి" అని గుర్తుపెట్టుకోకండి. విండోస్ ఎక్కించినప్పుడు ఎలా ఉందో అలా పెట్టాలి.

నిదానమేప్రధానం

సర్క్యూట్ గారు చెప్పినదానికి ముందు ఒక జాగ్రత్త. బయోస్ సెట్టింగులు మారితే బిట్‌లాకర్, అంటే డిస్కులోని డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ తాళం, పడే అవకాశం ఉంది. చాలా లాప్‌టాప్‌ల్లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే "డివైస్ ఎన్‌క్రిప్షన్" తనంతట తనే ఆన్ అవుతుంది, వాడేవాళ్ళకి ఆ సంగతి తెలియనే తెలియదు. నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడిగితే కంగారు పడకండి. వేరే ఫోన్ నుంచి అదే మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్తే డివైసుల పేజీలో కీ ఉంటుంది. ఒకటి కన్నా ఎక్కువ కనిపిస్తే, తెర మీద చూపించే కీ ఐడీలోని మొదటి 8 అక్షరాలతో సరిపోయేదే మీది. బయోస్‌లో "క్లియర్ టీపీఎం" అనేది ఎక్కడ కనిపించినా నొక్కవద్దు, టీపీఎం అంటే ఆ తాళపు కీలు దాచే చిప్. కీ చేతిలో లేకుండా టీపీఎం తుడిచేస్తే ఆ ఫైళ్ళని తెరిచే మార్గం లేదు.

ఇక ఫైళ్ళ సంగతి. వీఎండీ మార్చాక విండోస్ లేవకపోయినా రిపేర్ స్క్రీన్ నుంచే ఫైళ్ళు తీసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ పెట్టి, కమాండ్ ప్రాంప్ట్‌లో నోట్‌ప్యాడ్ అని కొట్టండి. నోట్‌ప్యాడ్ తెరుచుకున్నాక ఫైల్, ఓపెన్ నొక్కి, కింద "ఆల్ ఫైల్స్" ఎంచుకుంటే డ్రైవులన్నీ మామూలు కిటికీలాగా కనిపిస్తాయి. యూజర్స్ ఫోల్డర్లో మీ పేరు, అందులో డెస్క్‌టాప్. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, కాపీ, పెన్‌డ్రైవ్‌లో పేస్ట్. కాపీ ఎంతవరకు అయిందో చూపించే పట్టీ రాదు, కిటికీ బిగుసుకుపోయినట్టు ఉంటుంది, అది అవుతూనే ఉంటుంది. అందుకే పెద్ద ఫోల్డర్ మొత్తం ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా తీయండి. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మామూలప్పటిలా ఉండవు, సీ డ్రైవ్ డీ గానో ఈ గానో కనిపించవచ్చు.

కొన్ని బయోస్‌లలో వీఎండీ ఆప్షనే ఉండదు. అప్పుడు లాప్‌టాప్ కంపెనీ పేజీ నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ తెచ్చి, విప్పిన ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో డీఆర్‌వీలోడ్ అని కొట్టి ఆ ఐఎన్‌ఎఫ్ ఫైలు దారి ఇవ్వండి. ఆ తర్వాత లిస్ట్ డిస్క్‌లో ఎస్‌ఎస్‌డీ ప్రత్యక్షమవుతుంది.

పాతకీబోర్డు

తొందరపడి చెప్పాను, సవరించినందుకు ధన్యవాదాలు. మరి బూట్ ఫైళ్ళు తిరగరాయాల్సింది ఎలాంటప్పుడు?

సర్క్యూట్

ఈ 0x7బీ నీలం తెర దాకా కూడా రానప్పుడు. బయోస్‌లో ఎస్‌ఎస్‌డీ పేరు కనబడుతూ "నో బూటబుల్ డివైస్" అంటే, లేదా 0xసీ000000ఎఫ్, 0xసీ0000225 లాంటి కోడ్‌తో ఆగితే. అప్పుడు కూడా బూట్‌రెక్ కన్నా బీసీడీబూట్ నయం.

డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ వాల్యూమ్ కొట్టి ఫ్యాట్32 అని ఉన్న చిన్న వాల్యూమ్ వెతకండి, 100 లేదా 260 ఎంబీ ఉంటుంది. దాని నంబరు 3 అయితే సెలెక్ట్ వాల్యూమ్ 3, తర్వాత అసైన్ లెటర్=ఎస్, తర్వాత ఎగ్జిట్. పెన్‌డ్రైవ్ కూడా ఫ్యాట్32 కావచ్చు, సైజు చూసుకోకుండా ఎంచుకోవద్దు. డీఐఆర్ సీ: కొట్టి విండోస్ ఫోల్డర్ నిజంగా సీలోనే ఉందో లేదో చూడండి. ఉంటే:

బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్‌ఐ

"బూట్ ఫైల్స్ సక్సెస్‌ఫుల్లీ క్రియేటెడ్" అని వస్తే పని అయినట్టు.

లోగో కూడా రాకుండా నల్ల తెరే ఉంటే అది వేరే సంగతి. క్యాప్స్‌లాక్ నొక్కి చూడండి, దీపం వెలిగి ఆరుతుంటే మెషీన్ బతికే ఉంది, తెర మాత్రమే రావడం లేదు. అప్పటికే విండోస్ లేచి ఉంటే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగు మీటలూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్ళీ మొదలవుతుంది. ఒకోసారి అంతటితోనే తెర వచ్చేస్తుంది.

కొత్తచిగురు

వీఎండీ డిసేబుల్ చేశాను. బిట్‌లాకర్ కీ అడగలేదు. ఆన్ చేయగానే "రిస్టోరింగ్ యువర్ ప్రీవియస్ వెర్షన్ ఆఫ్ విండోస్" అని వచ్చి ఓ 25 నిమిషాలకి విండోస్ 10 లేచింది. ఫైళ్ళన్నీ ఉన్నాయి, ఇంకో డిస్కులోకి కాపీ చేసేశాను. ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. లోపలికి వచ్చాక 0xసీ1900101 అనే కోడ్ చూపించింది. మళ్ళీ అప్‌గ్రేడ్ పెట్టవచ్చా, లేక విండోస్ 10లోనే ఉండిపోవాలా?

నిదానమేప్రధానం

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, కాబట్టి మారడమే మంచిది. కానీ కారణం తెలియకుండా మళ్ళీ పెడితే మళ్ళీ అక్కడే ఆగుతుంది.

0xసీ1900101 అంటే ఏదో డ్రైవర్ అడ్డుపడింది. అది ఏదో తెలియాలంటే విండోస్ ఫోల్డర్లో లాగ్స్, అందులో సెటప్‌డయాగ్ ఫోల్డర్లో ఉన్న ఎక్స్ఎంఎల్ ఫైలు చూడండి. అప్‌గ్రేడ్ విఫలమైతే సెటప్పే రాసి పెడుతుంది. లేకపోతే సీ డ్రైవ్‌లో డాలర్ గుర్తుతో మొదలై బీటీతో ముగిసే విండోస్ ఫోల్డర్లో (దాచిన ఫోల్డర్, హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టాలి) సోర్సెస్, రోల్‌బ్యాక్‌లో సెటప్‌యాక్ట్ లాగ్ ఉంటుంది. దాన్ని చివరి నుంచి పైకి చదువుతూ రండి, .ఎస్‌వైఎస్ తోనో .ఐఎన్‌ఎఫ్ తోనో ముగిసే పేరు ఏది పదే పదే కనబడితే దాన్ని అనుమానించండి. ఎక్కువగా దొరికేవి పాత వైఫై, బ్లూటూత్ డ్రైవర్లు, బయట నుంచి ఎక్కించిన యాంటీవైరస్‌లు, వీపీఎన్‌లు. యాంటీవైరస్‌ని ఆపితే చాలదు, పూర్తిగా అన్ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయాలి. దాని డ్రైవర్ ఆపినా లోపల నడుస్తూనే ఉంటుంది.

రెండోసారి పెట్టేటప్పుడు మౌస్, కీబోర్డు తప్ప యూఎస్‌బీకి తగిలించినవన్నీ తీసేయండి. మెమరీ కార్డు స్లాట్లో కార్డు ఉంటే అదీ తీయండి. సీ డ్రైవ్‌లో కనీసం 30 జీబీ ఖాళీ ఉంచండి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ 11 వేసుకుని, విండోస్ 10 నడుస్తుండగానే అందులోని సెటప్ ఫైలు తెరవండి. ఆ పెన్‌డ్రైవ్ కూడా పోర్టులో ఉండకూడదనుకుంటే ఐఎస్‌ఓ ఫైలుగా దించుకుని డబుల్ క్లిక్ చేసి అందులోంచి సెటప్ నడపండి. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే మాత్రం మీ ప్రోగ్రాములు ఉంచి అప్‌గ్రేడ్ చేసే అవకాశం ఉండదు, కొత్తగా ఎక్కించడమే. సెటప్ మొదట్లో అప్‌డేట్లు దించనా అని అడిగితే "నాట్ రైట్ నౌ" ఎంచుకుని నెట్ ఆపేయండి. మధ్యలో కొత్త డ్రైవర్ వచ్చి పడకుండా ఉంటుంది.

మళ్ళీ ఏదో ఒక శాతం దగ్గర ఆగితే డిస్కు దీపం చూడండి. అప్పుడప్పుడూ మెరుస్తున్నా పని జరుగుతున్నట్టే, వదిలేయండి. దీపం లేని మోడల్ అయితే రెండు మూడు గంటలు ఆగి, క్యాప్స్‌లాక్ కూడా వెలగకపోతేనే పవర్ బటన్ పట్టండి. ఆపేశాక వెంటనే ఆన్ చేసి దానంతట దాన్ని వెనక్కి రానివ్వండి. బయోస్‌లోకి వెళ్ళవద్దు.

విండోస్ 11 లేచాక వెనక్కి వెళ్ళడానికి 10 రోజులే గడువు, ఆ తర్వాత పాత విండోస్ ఫోల్డర్ తుడిచేస్తుంది. ఆ పది రోజుల్లోనే వైఫై, కెమెరా, స్లీప్ నుంచి లేవడం, ప్రింటరు ఒక్కొక్కటీ వాడి చూసుకోండి. మీ మెషీన్లో వీఎండీ డిసేబుల్‌లో ఉండాలన్న సంగతి మాత్రం ఫోన్లో రాసి ఉంచుకోండి.